విదేశీ విశ్వవిద్యాలయాల పాఠశాల సందర్శనలు: ఆత్రేయపురం వైపు నుంచి ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

డిగ్రీ స్థాయి విద్యార్థులను చేర్చుకోవడానికి విదేశీ విశ్వవిద్యాలయాలు తమ ప్రతినిధులను ఇతర దేశాల పాఠశాలలకు పంపడం నేడు స్థిరపడిన పద్ధతి. ఈ సందర్శనలు ఎందుకు మొదలయ్యాయి, ఎలా సాగుతాయి, ఎక్కడ ఆగిపోతాయి అన్న విషయాలను ఈ వ్యాసం వివరిస్తుంది. ప్రతినిధి రాని చోట ఆ స్థానాన్ని ఎవరు ఆక్రమిస్తున్నారో, ‘సీటు’, ‘కౌన్సెలింగ్’, ‘ఆఫర్’, ‘స్కాలర్‌షిప్’ అనే మాటలు తెలుగు కుటుంబంలో ఏ అర్థంతో వినబడుతున్నాయో కోనసీమలోని ఆత్రేయపురాన్ని దృష్టిలో ఉంచుకొని పరిశీలిస్తుంది.

కీలకపదాలు: విదేశీ విద్య, పాఠశాల సందర్శన, ఇంటర్మీడియట్, ఏజెంటు, కమీషన్, అర్థవిపరిణామం, కోనసీమ, ఆత్రేయపురం.

1. ఉపోద్ఘాతం:

ఆత్రేయపురం అనగానే పూతరేకులు గుర్తుకు వస్తాయి. గౌతమి, వసిష్ఠ పాయల నడుమ, ధవళేశ్వరం ఆనకట్టకు దిగువన, బొబ్బర్లంక, లొల్ల, ర్యాలి, వాడపల్లి గ్రామాలకు మండల కేంద్రంగా ఉన్న ఈ ఊరు 2022 ఏప్రిల్‌లో తూర్పుగోదావరి నుంచి విడివడిన కోనసీమ జిల్లాలో చేరింది. 2023లో ఇక్కడి పూతరేకులకు భౌగోళిక గుర్తింపు లభించింది. బోర్లించిన కుండ మీద పలచని పిండిలో ముంచిన గుడ్డ పరచి తీసే ఆ రేకు, నేతితో, బెల్లంతో మడతలు పడి, తెలుగువారున్న దేశాలన్నిటికీ వెళ్తోంది. ఊరి పిల్లలూ వెళ్తున్నారు. పూతరేకుల పొట్లం ఏ దారిన వెళ్తుందో ఊళ్ళో అందరికీ తెలుసు. పిల్లవాడు వెళ్ళే దారిని ఎవరు వేశారో, దారి చూపినవారికి ఎవరు డబ్బిస్తారో అంత స్పష్టంగా తెలియదు.

విదేశీ విద్య గురించి తెలుగులో వచ్చిన రచనల్లో అధిక భాగం వెళ్ళినవారి అనుభవం చుట్టూ తిరుగుతుంది. డయాస్పోరా కథ, నవల, యాత్రాచరిత్ర ఇందుకు సాక్ష్యం. వెళ్ళకముందు జరిగే పిలుపు, అంటే విశ్వవిద్యాలయం వైపు నుంచి జరిగే అన్వేషణ, మన పరిశోధనలో తక్కువగా చర్చకు వచ్చింది. పి.జి. స్థాయిలో ఈ అన్వేషణకు అంత పని లేదు. బి.టెక్. చదివే అబ్బాయికి సీనియర్లున్నారు, మేనమామ కొడుకున్నాడు, వాట్సాప్ బృందాలున్నాయి. డిగ్రీ స్థాయి అభ్యర్థి పదిహేడేళ్ళ పిల్ల. నిర్ణయం ఇంట్లో జరుగుతుంది. ఆ ఇంటికి చేరడానికి విశ్వవిద్యాలయానికి ఉన్న గౌరవప్రదమైన ద్వారం బడి ఒక్కటే.

2. సందర్శనలు ఎందుకు మొదలయ్యాయి?

విదేశీ విశ్వవిద్యాలయం మన విద్యార్థిని వెదుక్కుంటూ రావడం పాత సంగతి కాదు. వలస పాలన కాలంలో వ్యవహారం తలకిందులుగా ఉండేది. బ్రిటన్‌కు చదువుకోవడానికి వచ్చే భారతీయ విద్యార్థుల మీద ఒక కన్ను వేసి ఉంచవలసిన అవసరం ప్రభుత్వానికి కనిపించింది. 1907లో లీ-వార్నర్ సంఘం ఈ విషయాన్ని విచారించింది. 1909లో లండన్‌లో భారతీయ విద్యార్థుల కోసం సమాచార కార్యాలయం ఏర్పడి, టి.డబ్ల్యు. ఆర్నాల్డ్ విద్యా సలహాదారుగా నియమితుడయ్యాడు. సలహాతో పాటు నిఘా కూడా ఆ కార్యాలయం పనిలో భాగమని నాటి విద్యార్థులు అనుమానించారు. విద్యార్థుల రాకను అదుపులో పెట్టాలనుకున్న దేశమే, డెబ్బై ఏళ్ళు తిరిగేసరికి, వారి కోసం బయలుదేరింది.

దీనికి కారణం ఫీజు. బ్రిటన్ ప్రభుత్వం 1980–81 నుంచి విదేశీ విద్యార్థులు పూర్తి ఖర్చు చెల్లించాలన్న విధానాన్ని అమలుచేసింది. అంతవరకూ సాయంగా భావించిన విదేశీ విద్యార్థి అప్పటినుంచి ఆదాయమయ్యాడు. ఆస్ట్రేలియా 1985లో పూర్తి ఫీజు పద్ధతికి తలుపు తెరిచి, 1990 నాటికి పాత రాయితీ పద్ధతిని ఎత్తివేసింది. అమెరికాలో 2008 ఆర్థిక మాంద్యం తర్వాత రాష్ట్రాలు తమ ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు ఇచ్చే నిధులు తగ్గాయి. ఆ లోటును పూడ్చుకోవడానికి అవి పూర్తి ఫీజు కట్టే పరరాష్ట్ర, పరదేశ విద్యార్థుల వైపు చూశాయి.

విదేశీ విద్యార్థులందరిలో డిగ్రీ విద్యార్థి మీదే ఇంత శ్రద్ధ ఎందుకు? రెండేళ్ళ పి.జి. విద్యార్థి కంటే నాలుగేళ్ళ డిగ్రీ విద్యార్థి ఎక్కువ కాలం ఫీజు కడతాడు. అంతేకాక ఈ వర్గంలో ఇంకా పెరగడానికి చోటుంది. ‘ఓపెన్ డోర్స్’ నివేదిక ప్రకారం 2023–24లో అమెరికాలో 3,31,602 మంది భారతీయ విద్యార్థులున్నారు. వారిలో పి.జి. విద్యార్థులు 1,96,567 మంది. చదువు ముగించి ఓ.పి.టి.లో ఉన్నవారు 97,556 మంది. డిగ్రీ స్థాయిలో ఉన్నవారు 36,053 మంది మాత్రమే, అంటే నూటికి పదకొండు మంది. ఈ పదకొండును పెంచడానికే ప్రతినిధి విమానమెక్కుతున్నాడు.

3. సందర్శన జరిగే తీరు:

ప్రతినిధి సాధారణంగా విశ్వవిద్యాలయ ప్రవేశాల కార్యాలయ ఉద్యోగి. దక్షిణాసియానో, భారతదేశాన్నో ఒక ప్రాంతంగా అతనికి అప్పగిస్తారు. అమెరికా డిగ్రీ దరఖాస్తులకు వాడే ‘కామన్ అప్లికేషన్’ ఏటా ఆగస్టు 1న తెరుచుకుంటుంది. ముందస్తు దరఖాస్తులకు నవంబరు 1, మామూలు దరఖాస్తులకు జనవరి 1 చాలా సంస్థల్లో చివరి తేదీలు. అందువల్ల ఆగస్టు చివరి నుంచి నవంబరు వరకు పర్యటనల రద్దీ ఉంటుంది. ఢిల్లీ, ముంబయి, బెంగళూరు, చెన్నై, హైదరాబాదు నగరాలు ఈ యాత్రలో మజిలీలు. రోజుకు రెండు మూడు బడులు. ఒక్కోచోట ఒక పీరియడు. ప్రాంగణం బొమ్మలు చూపించడం, ప్రశ్నలకు జవాబులు చెప్పడం, పేర్లు, ఇ-మెయిళ్ళు రాయించుకోవడం, ఆ తర్వాత బడి కౌన్సెలర్‌తో కాఫీ తాగడం.

అన్నిటికంటే ముఖ్యమైనది ఆ కాఫీ. ఏ బడిలో తొంభై శాతానికి అర్థమేమిటి, ఏ ఉపాధ్యాయుడి సిఫారసును నమ్మవచ్చు, గత ఏడాది వచ్చిన అమ్మాయి ఎలా చదువుతోంది అన్న సంగతులు అక్కడ చేతులు మారతాయి. బడి పేరు ప్రతినిధికి తెలిసిన పేరవుతుంది. రేపు అదే బడి నుంచి దరఖాస్తు వస్తే దాన్ని చదివేవాడు చాలాసార్లు ఆ ప్రతినిధే. అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త మిచెల్ స్టీవెన్స్ ఒక కళాశాల ప్రవేశాల కార్యాలయంలోనే ఉండి పరిశీలించి 2007లో ప్రచురించిన ‘క్రియేటింగ్ ఎ క్లాస్’ అనే గ్రంథంలో ఈ బడి-కళాశాల సంబంధానికున్న విలువను చక్కగా చూపించాడు.

ప్రతినిధి ఏ బడికి వెళ్తాడన్న ప్రశ్నకు సమాధానం అమెరికా లోపలే దొరికింది. ఓజాన్ జాకెట్, కరీనా సలాజర్ అనే పరిశోధకులు విశ్వవిద్యాలయాలు బహిరంగంగా ప్రకటించిన సందర్శనల వివరాలను సేకరించి 2018లోనూ, ఆ తర్వాతా ఫలితాలను వెల్లడించారు. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల ప్రతినిధులు సొంత రాష్ట్రం దాటి వెళ్ళినప్పుడు సంపన్నుల, తెల్లవారి ఆవాసాల్లోని బడులకే ఎక్కువగా వెళ్ళారని తేలింది. సొంత దేశంలోనే పేద పేటలోని బడి మెట్లెక్కని ప్రతినిధి కోనసీమలో కాలవగట్టు మీద ఉన్న బడికి వస్తాడని ఆశించలేం. అతని దృష్టిలో ఇది వివక్ష కాదు, ప్రయాణ ఖర్చుల లెక్క. ఫలితం మాత్రం ఒక్కటే.

4. ఇంటర్మీడియట్ దగ్గర ఆగే దారి:

దూరం, డబ్బు మాత్రమే అడ్డమనుకుంటే సమస్య సగమే అర్థమవుతుంది. మన విద్యావ్యవస్థ నిర్మాణమే ఈ సందర్శనకు ఒదగదు. సందర్శన పద్ధతి తొమ్మిదో తరగతి నుంచి పన్నెండో తరగతి వరకు ఒకే ప్రాంగణంలో చదివే విద్యార్థిని ఊహించుకొని రూపొందింది. నాలుగేళ్ళ మార్కుల పట్టిక, నాలుగేళ్ళుగా పిల్లను ఎరిగిన కౌన్సెలర్ రాసే నివేదిక, ఇద్దరు ఉపాధ్యాయుల సిఫారసు దరఖాస్తుకు కావాలి. సి.బి.ఎస్.ఇ., ఐ.బి., కేంబ్రిడ్జ్ పాఠశాలల్లో ఇవన్నీ ఒక గదిలో దొరుకుతాయి.

ఆత్రేయపురం విద్యార్థి దారి వేరు. పదో తరగతి ఊళ్ళోనో, పక్క ఊళ్ళోనో. ఇంటర్మీడియట్ రావులపాలెంలోనో, రాజమహేంద్రవరంలోనో, స్తోమత ఉంటే విజయవాడ రెసిడెన్షియల్ కళాశాలలోనో. ఇంటర్మీడియట్ బోర్డు 1971 చట్టంతో ఏర్పడిన నాటి నుంచి ఈ రెండేళ్ళు బడికీ కళాశాలకూ చెందని మధ్యభూమిగానే ఉన్నాయి. తొమ్మిదో తరగతి మార్కులు ఒకచోట, పదకొండో తరగతి మార్కులు ఇంకొకచోట. ఆ రెండేళ్ళలో దినచర్య అంతా ఇ.ఎ.పి.సెట్, జె.ఇ.ఇ., నీట్ చుట్టూ తిరుగుతుంది. ఒక సెక్షన్‌లో ఎందరున్నారో చెప్పడానికే లెక్చరర్ రిజిస్టరు చూడాలి. అందులో ఒక అమ్మాయి కుతూహలం గురించి ఒక పుట రాయమంటే ఏం రాస్తాడు? అతని తప్పు కాదు. ఆ పని అతని ఉద్యోగంలో లేదు.

బ్రిటన్ పద్ధతితో మరో చిక్కు ఉంది. అక్కడి దరఖాస్తు ఫలితాల కంటే ముందే వెళ్తుంది. ఉపాధ్యాయుడు ‘ఈమెకు ఇన్ని మార్కులు రావచ్చు’ అని అంచనా వేసి పంపాలి. రాబోయే మార్కులను ముందుగా రాసి సంతకం చేయడం మన బోర్డు సంస్కృతిలో లేదు. అడిగితే చాలామంది ప్రిన్సిపాళ్ళు దాన్ని దొంగ ధ్రువపత్రంగా భావించి నిరాకరిస్తారు. మొదటి సంవత్సరం పబ్లిక్ పరీక్ష మార్కులు చేతిలో ఉన్నాయి కాబట్టి వాటి ఆధారంగా అంచనా ఇవ్వవచ్చునన్న సంగతి చెప్పేవారు ఉండరు.

ఉచితంగా సలహా ఇచ్చే అధికారిక కేంద్రాలు అసలు లేవని కాదు. అమెరికా ప్రభుత్వ ‘ఎడ్యుకేషన్ యు.ఎస్.ఎ.’ కేంద్రం హైదరాబాదులో ఉంది. 2021 సెప్టెంబరులో విశాఖపట్టణంలోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ‘అమెరికన్ కార్నర్’ ప్రారంభమయింది. ఈ కేంద్రాలు విశ్వవిద్యాలయాల నుంచి కమీషన్ తీసుకోవు. కాని అవి పక్క వీధిలో లేవు, పక్క వీధిలో ఉన్న బోర్డు వేరొకరిది.

5. గల్ఫ్ బడుల్లో మన సంస్థలు:

పాఠశాల సందర్శన పాశ్చాత్యుల పని మాత్రమే కాదు. భారతీయ ప్రైవేటు విశ్వవిద్యాలయాలు ఇదే పద్ధతిలో గల్ఫ్ దేశాల్లోని సి.బి.ఎస్.ఇ. పాఠశాలలకు వెళ్తున్నాయి. విదేశాల్లో సి.బి.ఎస్.ఇ. గుర్తింపు పొందిన బడులు రెండు వందలకు పైగా ఉండగా, వాటిలో అత్యధికం గల్ఫ్‌లోనే ఉన్నాయి. ఎన్.ఐ.టి.ల వంటి సంస్థల్లో విదేశాల్లోని విద్యార్థులకు నేరుగా ప్రవేశం కల్పించే ‘దాసా’ పథకం 2001–02 నుంచి నడుస్తోంది. ఎ.ఐ.సి.టి.ఇ. నిబంధనల్లో విదేశీ విద్యార్థుల కోసం అదనంగా కేటాయించిన 15 శాతం సీట్లలో మూడో వంతు ‘గల్ఫ్‌లోని భారతీయ కార్మికుల పిల్లల’కు ఉద్దేశించారు.

‘కార్మికుల పిల్లలు’ అన్న మాట దగ్గర కోనసీమవాసి ఒక క్షణం ఆగుతాడు. కువైట్, ఒమాన్, సౌదీ ఇళ్ళలో పనికి వెళ్ళిన స్త్రీలు ఈ ప్రాంతంలో వేల సంఖ్యలో ఉన్నారు. రాజోలు, అమలాపురం వైపు ఏ పల్లెలో అడిగినా ‘అమ్మ కువైట్‌లో ఉంది’ అనే పిల్లలు కనిపిస్తారు. కుటుంబ వీసా జీతాన్ని బట్టి వస్తుంది. ఇంటి పనిమనిషికి ఆ జీతం ఉండదు. ఆమె కొడుకు అమ్మమ్మ దగ్గర పెరుగుతూ పంచాయతీ బడిలో చదువుతాడు. గల్ఫ్ బడికి వెళ్ళిన ప్రతినిధి ఎదుట కూర్చునేది ఇంజనీరు కూతురు, అకౌంటెంటు కొడుకు. కోటా పేరులో ఉన్న కార్మికురాలి బిడ్డ ఆ తరగతి గదిలో ఉండడు. సందర్శనకు దేశం మారినా స్వభావం మారలేదని చూపడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

6. ప్రతినిధి స్థానంలో ఏజెంటు:

ప్రతినిధి రాని చోటికి ఏజెంటు వస్తాడు. కన్సల్టెన్సీ బోర్డు, హోటల్ హాలులో ‘స్పాట్ అడ్మిషన్లు’, జూనియర్ కళాశాలలో అరగంట ‘అవగాహన సదస్సు’. పైకి ఇదీ పాఠశాల సందర్శనలాగే ఉంటుంది. ప్రొజెక్టరు, ప్రాంగణం బొమ్మలు, పేర్లు రాయించుకోవడం అన్నీ ఉంటాయి. తేడా జీతంలో ఉంది. ప్రతినిధికి నెల జీతం. ఏజెంటుకు చేరిన ప్రతి విద్యార్థి మీదా విశ్వవిద్యాలయం నుంచి వచ్చే కమీషన్. ‘మా సేవ ఉచితం’ అన్న మాట అబద్ధం కాదు. ఆ ఖర్చు విద్యార్థి కట్టే ఫీజులోంచే వెనక్కి తిరిగి వస్తోందన్న సంగతిని మాత్రం అది చెప్పదు.

ఈ పద్ధతిపై పాశ్చాత్య దేశాల వైఖరిలో ఒక విచిత్రం ఉంది. అమెరికా ఉన్నత విద్యా చట్టానికి 1992లో చేసిన సవరణ, చేర్చిన తలల లెక్కన పారితోషికం ఇవ్వడాన్ని నిషేధించింది. దళారి విద్యార్థి మేలును పక్కన పెడతాడన్నది అందుకు కారణం. అదే సవరణ, అమెరికా ప్రభుత్వ సహాయానికి అర్హత లేని, విదేశాల్లో ఉండే విద్యార్థులను ఈ నిషేధం నుంచి మినహాయించింది. డెట్రాయిట్ అబ్బాయికి హాని చేస్తుందని తలచిన పని ఆత్రేయపురం అబ్బాయి విషయంలో చట్టబద్ధమే! ప్రవేశాల ఉద్యోగుల సంఘమైన ‘నాకాక్’ కూడా దీర్ఘకాలం కమీషన్ పద్ధతిని వ్యతిరేకించి, 2013లో విదేశీ విద్యార్థుల విషయంలో ఆ నిషేధాన్ని సడలించింది. 2012లో బ్రిటన్, ఆస్ట్రేలియా, ఐర్లాండ్, న్యూజిలాండ్ కలిసి ‘లండన్ ప్రకటన’ పేరుతో ఏజెంట్ల నీతి నియమాలను ప్రకటించాయి. మన దేశంలో 1983 వలసల చట్టం పనికి వెళ్ళేవారిని పంపే ఏజెంట్ల గురించి మాట్లాడుతుంది. చదువుకు పంపేవారు దాని పరిధిలో లేరు. పంజాబ్ రాష్ట్రం 2012లో చేసిన చట్టం కన్సల్టెంట్లకు లైసెన్సు తప్పనిసరి చేసింది. గల్ఫ్‌కు పనిమనిషిని పంపే ఏజెంటుకు కేంద్రంలో రిజిస్ట్రేషన్ కావాలి, అదే ఇంటి పిల్లను వైద్య విద్యకు పంపే ఏజెంటుకు అది అక్కరలేదు.

వైద్య విద్య ప్రస్తావన ఊరకే రాలేదు. కోనసీమ వంటి ప్రాంతం నుంచి ఇంటర్మీడియట్ కాగానే విదేశానికి వెళ్ళే విద్యార్థుల్లో ఎక్కువమంది దారి ఎం.బి.బి.ఎస్. 2024 నీట్ పరీక్ష రాసినవారు 23 లక్షలకు పైగా ఉంటే, దేశంలో సీట్లు లక్షా పది వేల దరిదాపుల్లో ఉన్నాయి. మిగిలినవారిలో కాస్త భూమి ఉన్నవారి వైపు కిర్గిజ్‌స్తాన్, జార్జియా, రష్యా, ఫిలిప్పీన్స్ కళాశాలలు చూస్తాయి. 2022 ఫిబ్రవరి వరకు ఈ జాబితాలో ఉక్రెయిన్ ముందు వరసలో ఉండేది. యుద్ధం మొదలయ్యాక ‘ఆపరేషన్ గంగ’లో ఇరవై రెండు వేల మందికి పైగా భారతీయులు తిరిగివచ్చారు. వారిలో అత్యధికులు వైద్య విద్యార్థులు. తరగతి గది పోయింది, అప్పు మాత్రం మిగిలింది.

యుద్ధం ఎవరూ ఊహించనిదని సరిపెట్టుకున్నా, నిబంధనలు ఊహించదగినవే. విదేశంలో ఎం.బి.బి.ఎస్. చదవాలంటే 2018 నుంచి నీట్ అర్హత కావాలి. 2021 నవంబరులో జాతీయ వైద్య కమిషన్ ప్రకటించిన నిబంధనల ప్రకారం కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి. బోధన ఆంగ్లంలో జరగాలి. అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్ పూర్తిచేయాలి. ఇక్కడికి వచ్చాక మరో 12 నెలలు చేయాలి. ఫిలిప్పీన్స్‌లో ముందు బి.ఎస్., ఆ తర్వాత నాలుగేళ్ళ ఎం.డి. నాలుగేళ్ళంటే 48 నెలలు. ఈ చిన్న తీసివేత కరపత్రంలో కనబడదు. తిరిగివచ్చినవారు రాసే ఎఫ్.ఎం.జి.ఇ. పరీక్షలో 2023 డిసెంబరులోనూ, 2024 జూన్‌లోనూ ఉత్తీర్ణులైనవారు అయిదింట ఒక వంతు మాత్రమే.

ఏజెంట్లందరూ మోసగాళ్ళని ఈ వ్యాసం అనడం లేదు. పాస్‌పోర్టు ఎలా తీసుకోవాలో తెలియని ఇంటికి వెళ్ళి, ఓపికగా కూర్చుని, పత్రాలన్నీ సరిచేసి, పిల్లను విమానం ఎక్కించేవారు వారిలో ఉన్నారు. ప్రతినిధి చేయని సేవ అది. ప్రశ్న వ్యక్తి నిజాయితీ గురించి కాదు. నాలుగు కళాశాలల్లో ఒక్కదానితోనే ఒప్పందం ఉన్నవాడు మిగిలిన మూడింటి గురించి ఎందుకు చెబుతాడు?

7. మాటల్లో జరిగే మార్పు:

తెలుగు శాఖల్లో పనిచేసేవారికి ఈ విషయంతో సంబంధమేమిటన్న సందేహం పాఠకులకు ఈపాటికి కలిగి ఉంటుంది. విద్యార్థిని చేర్చుకొనే వ్యవహారంలో ఏజెంటు ఆంగ్లంలో ఒక మాట అంటాడు, ఇంట్లో అది తెలుగు మాటగా వినబడుతుంది. రెండూ ఒకే ధ్వని. అర్థాలు వేరు. ప్రమాదం అక్కడ పుడుతోంది.

మొదటి మాట ‘సీటు’. తెలుగులో ప్రవేశమంటే సీటే. సీటు వస్తుంది, సీటు కొడతారు, సీటు కొంటారు, సీటు పోతుంది. 1986లో ఎంసెట్ మొదలయ్యాక ఈ మాటకు పూర్తి బలం వచ్చింది. సీటు పరిమితమైనది, ర్యాంకు వరసలో పంచబడేది, ఒకరికి వస్తే ఇంకొకరికి పోయేది. కాబట్టి ‘విదేశంలో సీటు వచ్చింది’ అన్న వాక్యం ఒక గెలుపును సూచిస్తుంది. విద్యార్థుల కోసం వెదుక్కుంటున్న సంస్థ విషయంలో ఈ గెలుపు ఎవరిది? చేరేవారు తక్కువై తరగతి నిండని చోట సీటు రావడంలో పోటీ లేదు. ‘మూడే సీట్లు మిగిలాయి, ఈ వారంలో కట్టాలి’ అన్న మాట మన మీద అంతగా పనిచేయడానికి కారణం నలభై ఏళ్ళ కౌన్సెలింగ్ జ్ఞాపకమే.

‘కౌన్సెలింగ్’ సంగతి ఇంకా ఆసక్తికరం. ఆంగ్లంలో ఈ పదానికి సలహా చెప్పడమని అర్థం. తెలుగు రాష్ట్రాల్లో దానికి స్థిరపడిన అర్థం ర్యాంకు ప్రకారం సీట్లు కేటాయించే ప్రక్రియ. ‘కౌన్సెలింగ్‌కి వెళ్ళాం’ అంటే ఎవరో సలహా చెప్పారని కాదు, ధ్రువపత్రాలు చూపించి ఆప్షన్లు పెట్టామని. అర్థసంకోచానికి పాఠ్యపుస్తకాల్లో ఇచ్చే పాత ఉదాహరణల పక్కన దీన్ని చేర్చవచ్చు. పదంతో పాటు ఆ వృత్తి కూడా మన కళాశాలల్లో కనబడకుండా పోయింది. విదేశీ ప్రతినిధి ‘మీ కౌన్సెలర్ ఎవరు?’ అని అడిగితే మన విద్యార్థికి ప్రశ్నే అర్థం కాదు. కన్సల్టెన్సీలో ‘సీనియర్ కౌన్సెలర్’ అన్న పేరుపలక వెనక కూర్చున్న వ్యక్తి మాత్రం సీట్లు కేటాయించే అధికారిలా కనిపిస్తాడు.

‘ఆఫర్ లెటర్’ అన్న మాట తెలుగు ఇంటికి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ద్వారా వచ్చింది. ఆఫర్ లెటర్ వచ్చిందంటే జీతం రాబోతోందని అర్థం. విశ్వవిద్యాలయం పంపే ఆఫర్ లెటర్ డబ్బు కట్టమని పిలుపు. అందులోనూ ‘కండిషనల్’ అని ఉంటే, ఇన్ని మార్కులు రావాలి, ఆంగ్ల పరీక్షలో ఇంత స్కోరు కావాలి, ఈ తేదీలోగా డిపాజిట్ చెల్లించాలి అన్న షరతులు తీరితేనే చెల్లుతుంది. ఉద్యోగపు ఆఫర్ వచ్చినప్పుడు పంచిన మిఠాయే దీనికీ పంచుతున్నారు. మండలం ఆత్రేయపురం కాబట్టి ఆ మిఠాయి ఏమిటో చెప్పనక్కరలేదు.

‘స్కాలర్‌షిప్’ మరింత లోతైన చిక్కు. తెలుగు సమాజంలో స్కాలర్‌షిప్ అంటే సాంఘిక సంక్షేమ శాఖ ఇచ్చేది, ఫీజు రీయింబర్స్‌మెంటుగా వచ్చేది, లేదా ప్రతిభకు బహుమతి. మూడింటిలోనూ బయటి నుంచి డబ్బు వస్తుంది. అమెరికన్ ప్రైవేటు కళాశాల ఇచ్చే ‘మెరిట్ స్కాలర్‌షిప్’లో ఎక్కువసార్లు డబ్బు ఎక్కడి నుంచీ రాదు, ప్రకటించిన ఫీజులో కొంత తగ్గిస్తారు. అక్కడి కళాశాలల ఆర్థికాధికారుల సంఘం ‘నాకుబో’ వార్షిక పరిశీలనల్లో, లాభాపేక్ష లేని ప్రైవేటు కళాశాలలు మొదటి సంవత్సర విద్యార్థులకు సగటున ప్రకటిత ఫీజులో సగానికి పైగా తగ్గిస్తున్నట్లు కనిపిస్తోంది. అందరికీ సగం తగ్గినప్పుడు అది ప్రతిభా పురస్కారమా, పండగ రోజుల్లో చీరల దుకాణం పెట్టే తగ్గింపా? ఇది మోసమని నా అభిప్రాయం కాదు. తగ్గించాక మిగిలిన మొత్తమెంత అన్నదే అసలు అంకె. ‘ఇరవై లక్షల స్కాలర్‌షిప్ వచ్చింది’ అన్న ఆనందంలో ఆ అంకె వెనక్కి పోతుంది.

‘ర్యాంకు’ కూడా దిశ మార్చుకొంది. ఇంతకుముందు ర్యాంకు విద్యార్థిది. ఇప్పుడు విశ్వవిద్యాలయానిది. 2022లో రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించిన విదేశీ విద్యా దీవెన పథకం కూడా సహాయాన్ని క్యు.ఎస్. ర్యాంకులకు ముడిపెట్టింది. దాంతో ర్యాంకు అన్న మాటకు అధికారముద్ర పడింది. ఇక కరపత్రాల్లో కనిపించే ‘డబ్ల్యు.హెచ్.ఓ. గుర్తింపు’ గురించి ఒక్క మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏ వైద్య కళాశాలకూ గుర్తింపు ఇవ్వదు. జాతీయ వైద్య కమిషన్ కూడా విదేశీ కళాశాలల ఆమోదిత జాబితా ఏదీ ప్రకటించదు. నిబంధనలు మాత్రమే చెబుతుంది, అవి తీరాయో లేదో చూసుకోవలసింది విద్యార్థే.

8. అధ్యాపకుడి బల్ల దగ్గర:

ఆచరణలో ఈ విద్యార్థులకు కౌన్సెలర్ ఎవరు? జూనియర్ కళాశాల లెక్చరర్, డిగ్రీ కళాశాల అధ్యాపకుడు, కొన్నిసార్లు ఊళ్ళో తెలుగు మాస్టారు. ఆంగ్లం బాగా వచ్చినవారని కాదు, తండ్రి అడగడానికి సంకోచించని మనుషులు కనుక. ‘మాస్టారూ, ఈ కాగితం ఒకసారి చూసిపెడతారా’ అంటూ మా బల్లల మీదికి వచ్చే కాగితాల్లో ఆఫర్ లెటర్లు ఈ మధ్య ఎక్కువయ్యాయి. అప్పటికి కొబ్బరితోట మీద అప్పు మాట జరిగిపోయి ఉంటుంది కూడా.

అక్కడ చేయగలిగిన పని పెద్దదేమీ కాదు. తొమ్మిది, పది తరగతుల మార్కుల పట్టికలను పాత బడి నుంచి తెప్పించి, ఇంటర్మీడియట్ పట్టికతో కలిపి ప్రిన్సిపాల్ సంతకంతో ఒక కవరులో ఇవ్వగలిగితే, ఏజెంటు లేకుండా నేరుగా దరఖాస్తు చేయడానికి ఉన్న ప్రధానమైన అడ్డు తొలగుతుంది. సిఫారసు లేఖలో ‘మంచి విద్యార్థిని, క్రమశిక్షణ గలది’ అన్న రెండు వాక్యాలకు బదులు ఆమె చేసిన ఒక పనిని, ప్రయోగశాలలోనో, ఎన్.ఎస్.ఎస్. శిబిరంలోనో, వివరంగా రాయవచ్చు. ఏజెంటు కళాశాలలో సదస్సు పెట్టుకుంటానని అనుమతి అడిగినప్పుడు, ఏయే సంస్థలతో కమీషన్ ఒప్పందం ఉందో కాగితం మీద రాసి నోటీసు బోర్డుకు ఇవ్వమనవచ్చు. ఇవ్వనివారికి హాలు ఇవ్వకపోవడం ప్రిన్సిపాల్ అధికారంలోనిదే.

తెలుగు శాఖ ప్రత్యేకంగా చేయగలిగినది మరొకటి ఉంది. ఆఫర్ లెటర్‌లో ప్రతి పదాన్నీ అనువదించనక్కరలేదు. ‘కండిషనల్’ అన్న మాట ఎదుట ఉన్న షరతులు, తగ్గింపు పోగా నాలుగేళ్ళకు కట్టవలసిన మొత్తం, ఏటా ఆ తగ్గింపు కొనసాగడానికి తెచ్చుకోవలసిన మార్కులు, వీసా రాకపోతే డిపాజిట్ వెనక్కి వచ్చే గడువు. ఈ నాలుగు సంగతులను ఇంట్లో మాట్లాడే తెలుగులో ఒక అరపుటలో రాసి తండ్రికి చదివి వినిపించడానికి పావుగంట పడుతుంది. నాలుగింటిలో గడువు సంగతి ముందు చదవాలి. డిపాజిట్ వాపసుకు సంబంధించిన నిబంధన సాధారణంగా లేఖ చివర, చిన్న అక్షరాల్లో, వేరే పుటకు దారి చూపే ఒక లింకుగా ఉంటుంది. దాన్ని తెరిచి, తేదీని పెన్సిలుతో లేఖ మొదటి పుట పైభాగాన రాసి ఇస్తే, బ్యాంకుకు బయలుదేరేలోపు ఆ తేదీ ఇంటిల్లిపాది కంటా పడుతుంది.